ఎడారి ఊళ్లో మంచు ఆట

ఎండాకాలం నంద్యాల, ఆళ్లగడ్డల్లో పొద్దున తొమ్మిదికే రోడ్డు మీద కాలు పెట్టలేం. అలాంటి ఎండలున్న ఎడారి నగరం అల్ ఐన్‌లో, 2025 జూన్‌లో, మన భారత మహిళల ఐస్ హాకీ జట్టు ఆసియా కప్పులో కాంస్యం గెలిచింది.

జట్టులో ఎక్కువమంది లడఖ్ అమ్మాయిలు. చలికాలంలో చెరువులు గడ్డకడితేనే వీళ్లు ఆట నేర్చుకున్నారు. మంచు కరిగిందా, ఆ ఏటికి ఆట కట్టు. ఈ ఆటలో బంతికి బదులు నల్లటి రబ్బరు బిళ్ల. పక్ అంటారు. అడ్డంగా 7.62 సెంటీమీటర్లు, అరచేతిలో ఇమిడిపోతుంది. ఎగిరిపడకుండా దాన్ని ముందే ఫ్రీజర్లో పెట్టి గడ్డకట్టిస్తారు.

ఈ జట్టుకు 2016లో తైపీలో తొలి టోర్నీ. అన్ని మ్యాచ్‌లూ ఓడారు. మరుసటి ఏడు బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్ మీద 4-3తో తొలి గెలుపు. ఆ ఒక్క గోలు తేడా నాకు కాంస్యం కన్నా గొప్పగా తోస్తుంది.

మన ఊళ్ల అమ్మాయిలకు మంచు లేదు, సరే. బడి మైదానం ఉంది కదా! సాయంత్రమైతే అదంతా మగపిల్లల క్రికెట్‌కే పోతోంది. అమ్మలారా, అయ్యలారా, ఈ రోజు ఇంటిపని ఒక గంట పక్కన పెట్టించి, మీ అమ్మాయిని ఆటకు పంపండి.