ముప్పై ఆరో గది

 

ప్రొద్దుటూరులో గానీ, జమ్మలమడుగులో గానీ, పులివెందులలో గానీ నలుగురు కుర్రోళ్లు కూర్చున్న చోట బుద్ధుడి మాట ఎత్తితే ఒక ప్రశ్న వస్తాది. "బుద్ధుడు ఎవరినీ హింసించొద్దన్నాడు కదా, మరి ఆ చైనా సినిమాల్లో గుండు భిక్ఖువులు అట్లా ఎగిరెగిరి తంతారేంది?" పెద్దోళ్లు దీన్ని నవ్వి వదిలేస్తారు. వదలగూడదు. కొట్టగలిగినోడికే విలువ అని పిల్లలకు నేర్పిన జిల్లా మనది. ఆ ప్రశ్న వెనుక ఇంకో ప్రశ్న ఉంది: బౌద్ధుడైతే నేను చేతులు ముడుచుకొని కూర్చోవాలా?

దీనికి ఒక సినిమా కథతోనే జవాబు మొదలుపెడతాను. 1978లో హాంకాంగ్‌లో షా బ్రదర్స్ సంస్థ తీసిన 'ది థర్టీసిక్స్త్ ఛాంబర్ ఆఫ్ షావోలిన్'. దర్శకుడు లావ్ కర్ లియుంగ్. ఆయన కెమెరా వెనుక నిలబడిన దర్శకుడు మాత్రమే కాదు, తండ్రి దగ్గర కుంగ్‌ఫూ నేర్చుకున్న అసలైన విద్వాంసుడు. అందుకే ఈ సినిమాలో కొట్లాట కన్నా నేర్చుకోవడమే ఎక్కువసేపు కనబడుతుంది. సినిమా నడుమ భాగమంతా ఒక మనిషి కిందపడటం, లేవడం, మళ్లీ పడటం. ఆ భాగం కోసమే చూడమంటున్నా.

కథ మంచూ పాలకుల కాలంలో జరుగుతుంది. ఒక చదువుకునే పిల్లోడు. వాళ్ల గురువు పాలకుల మీద తిరుగుబాటులో ఉంటాడు, పిల్లోడూ చేయి కలుపుతాడు. సైన్యం విరుచుకుపడుతుంది. తండ్రి పోతాడు, స్నేహితులు పోతారు. గాయాలతో పారిపోయి, కూరగాయల బండిలో దాక్కొని షావోలిన్ విహారం చేరుకుంటాడు. అక్కడ అతనికి పెట్టిన పేరు శాన్ తే. ఆ పేరుకు మూడు సుగుణాలు అని అర్థం. ఆ పాత్ర వేసినాయన గోర్డన్ లియు.

విహారంలో ముప్పై ఐదు గదులు. ఒక్కో గదిలో ఒక్కో విద్య. శాన్ తే చాన్నాళ్లు ఊడ్చే పని, మోసే పని చేసి, ఒకరోజు విద్య నేర్పమని అడుగుతాడు. ఏ గదితో మొదలుపెడతావంటే, అన్నిటికన్నా పై గది అంటాడు. సరే పొమ్మంటారు. అక్కడ పెద్ద భిక్ఖువులు కూర్చొని సుత్తాలు చదువుకుంటుంటారు. ఆయుధం ఒక్కటీ లేదు. అతనికి ఒక్క ముక్కా అర్థం కాదు. అక్కడి పెద్దాయన లేవను కూడా లేవకుండా అతన్ని బయటకు నెట్టేస్తాడు. తలవంచుకొని అన్నిటికన్నా కింది గదికి దిగుతాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మనలో చాలామందిమి చేసింది ఇదే కాదా? దీక్ష తీసుకున్న వారంలోనే శూన్యవాదం గురించి వాదన, నిర్వాణం గురించి ఉపన్యాసం. గోడమీద బుద్ధుడు, బాబాసాహెబ్ పక్కపక్కన. అది మంచిదే. కానీ సాయంత్రమైతే మందు సీసా, ఇంట్లో ఆడమనిషి మీద చేయి, పిల్లకు జ్వరమొస్తే తాయెత్తు. బాబాసాహెబ్ ఇచ్చిన ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో తాగనన్న మాట ఉంది, అబద్ధమాడనన్న మాట ఉంది, ప్రాణులన్నిటి మీద కరుణ చూపుతానన్న మాట ఉంది. అవి కింది గదులు. వాటిని దాటకుండా పై గది తలుపు తడితే శాన్ తేకు జరిగిందే మనకూ జరుగుతుంది. కాకపోతే మనల్ని నెట్టేది భిక్ఖువు కాదు, మన పిల్లలే. వాళ్లు చూస్తుంటారు.

కింది గదిలో ఏముంది? అన్నం తినే సాలకు పోయే దారిలో నీళ్లు, నీళ్లలో తేలే దుంగలు. వాటిమీద కాలుపెట్టి దాటాలి. పడితే తడుస్తావు, నీకన్నా ముందు పోయినోళ్లు తింటారు. అంతే పాఠం. గురువు తిట్టడు, కొట్టడు. శాన్ తే రాత్రిపూట ఒంటరిగా వచ్చి దుంగమీద నిలబడటం అభ్యాసం చేస్తాడు.

తర్వాత గది నాకు మరీ ఇష్టం. రెండు చేతుల్లో నీళ్ల బకెట్లు పట్టుకొని, చేతులు రెండూ పక్కలకు చాచి, వాలు ఎక్కాలి. రెండు దండలకూ కత్తులు కట్టి ఉంటాయి. చేయి కాస్త జారితే ఆ కత్తి తన డొక్కలోనే దిగుతుంది. గమనించండి: ఆ విహారంలో అతని ఒంటి మీదికి వచ్చిన మొదటి కత్తి మొన శత్రువు వైపు లేదు, తన వైపే ఉంది. శీలం అంటే నాకు తెలిసిన మంచి బొమ్మ ఇదే. పంచశీల ఎదుటోడిని కట్టేయడానికి తీసుకున్నది కాదు. నేను నా చేయి దించితే గుచ్చుకునేది నాకే.

ఆపైన గదులు చకచకా పోతాయి. బరువైన గదతో గంట కొట్టి మణికట్టు గట్టిపరచుకోవడం, తల కదపకుండా కళ్లతోనే దీపాన్ని వెంబడించడం, తలతో ఇసుక సంచులను ఢీకొట్టడం. ఒకాయన రెండుసార్లు ఓడిస్తే, శాన్ తే మూడు ముక్కల గొలుసు కర్ర తయారుచేసుకొని గెలుస్తాడు. ఆ వివరమంతా తెరమీదే చూడండి.

ఇంతకన్నా మనోళ్లకు బాగా తెలిసిన సినిమా ఇంకోటుంది. 2011లో తమిళం నుంచి తెలుగులోకి వచ్చిన 'సెవెన్త్ సెన్స్'. మురుగదాస్ దర్శకుడు, సూర్య హీరో. బోధిధర్ముడు పల్లవ రాజకుమారుడని, చైనాకు పోయి వైద్యం, యుద్ధవిద్య నేర్పినాడని అందులో చూపించినారు. మన దక్షిణాది మనిషి అని ఛాతీ పొంగింది. పొంగనీ. చరిత్ర మాత్రం కొంచెం వేరు. షావోలిన్ విహారాన్ని క్రీ.శ. 495లో సోంగ్ పర్వతం మీద, భారతదేశం నుంచి వచ్చిన ఇంకో భిక్ఖువు కోసం కట్టించినారు. చైనావాళ్లు ఆయన్ను బాతువో అంటారు. బోధిధర్ముడు అక్కడ గోడకు ఎదురుగా తొమ్మిదేళ్లు ధ్యానం చేసినాడన్నది సంప్రదాయ కథ. కుంగ్‌ఫూ ఆయనే నేర్పినాడన్న మాట చాలా శతాబ్దాల తర్వాత పుట్టింది.

నాకు ఆ సినిమాతో పేచీ అది కాదు. అందులో బోధిధర్ముడి విద్య ఆయన వంశంలో పుట్టినోడి నెత్తుట్లో నిద్రపోతా ఉంటుంది, దాన్ని లేపాలి. విద్య నెత్తుట్లో ఉంటాదా? మనం రెండువేల ఏళ్లుగా విన్న మాట అదే కదా! ద్రోణుడు ఏకలవ్యుడి బొటనవేలు అడిగింది ఏ లెక్కన? పరశురాముడు కర్ణుణ్ణి శపించింది ఏ లెక్కన? పుట్టుకను బట్టి విద్య అనే లెక్కనే. బుద్ధుడి సంఘంలో లెక్క వేరు. శాక్య రాజకుమారులు, వాళ్ల మంగలి ఉపాలి కలిసి వస్తే, ఉపాలికే ముందు దీక్ష. తర్వాత వచ్చిన రాజకుమారులు అతనికి మొక్కాలి. ఆ ఉపాలే రాజగృహ సంగీతిలో వినయమంతా చెప్పినాడు. శాన్ తే కథలో కూడా వంశం మాట రాదు. దుంగ మీద నిలబడగలిగితే నిలబడతావు, లేదంటే నీళ్లలో పడతావు. దుంగకు కులం తెలీదు.

ఇప్పుడు మన సంగతికొద్దాం. ఈ సీమలో ఫ్యాక్షన్ నడిపిన పెద్దలెవరో అందరికీ తెలుసు, పేర్లతో పనిలేదు. వేటకొడవలి పట్టుకొని ముందు పరిగెత్తిందెవరు, నాటు బాంబు చేతిలో పేలి వేళ్లు పోగొట్టుకుందెవరు, కేసులో పేరెక్కి కడప జైలుకు పోయిందెవరు అని అడిగితే, అందులో మన వాడల పిల్లల పేర్లు చాలా వస్తాయి. పెద్దాయన బిడ్డలు బెంగళూరులో చదువుకుంటారు. మనోడి బిడ్డ వాయిదాకు తండ్రి వెంట కోర్టుకు పోతాడు. ఇప్పుడు బాంబులు తగ్గినాయంటారు, నిజమే కావచ్చు. జీపు ఎక్కమని పిలిచే గొంతు మాత్రం తగ్గలేదు.

ఆ కుర్రోళ్లకు అంగులిమాలుడి కథ చెప్పండి. బందిపోటు బుద్ధుణ్ణి చూసి మారిపోయినాడని చెప్పి ఊరుకుంటాం కానీ, అసలు కథ అంతకు ముందుది. అతను మంచి విద్యార్థి. గురువు గురుదక్షిణగా వెయ్యి వేళ్లు తెమ్మన్నాడని సంప్రదాయం చెబుతుంది. అంటే తన పగ తీర్చుకోవడానికి చంపలేదు. పైనోడు తెమ్మన్నాడు, వీడు తెచ్చినాడు. ఏకలవ్యుడి దగ్గర వేలు తీసుకున్న గురువు ఒకడు, శిష్యుడి చేత ఊరి వేళ్లు తెంపించిన గురువు ఇంకొకడు. జీపులో కూర్చొని పిలిచే పెద్దాయన ఈ రెండో రకం. అంగులిమాలుడు ఎంత పరిగెత్తినా నిదానంగా నడుస్తున్న బుద్ధుణ్ణి అందుకోలేకపోయినాడు. నేను ఆగినాను, ఆగాల్సింది నువ్వేనన్న అర్థంలో బుద్ధుడు చెప్పిన మాట అతని కత్తిని కిందపెట్టించింది. అయితే కథ అక్కడ అయిపోలేదు. భిక్ఖువై సావత్థిలో భిక్షకు పోతే జనం రాళ్లు వేసినారు, తల పగిలింది. నెత్తురు కారుతా వచ్చి బుద్ధుడి ముందు నిలబడినాడు. ఓర్చుకోమన్నాడు బుద్ధుడు. ఫ్యాక్షన్ వదిలి వచ్చినోడికి మర్నాడే ఊరు దండ వేయదు. పాత కేసులుంటాయి, పాత పగలుంటాయి. ఆ రాళ్ల రోజుల్లో అతని పక్కన ఎవరుంటారు? సంఘం అంటే అప్పుడు ఉండాల్సినోళ్లు.

మరి చేతులు ముడుచుకోవాలా అన్న ప్రశ్నకు మహద్ చూడండి. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో చవదార్ చెరువుకు నడిచి నీళ్లు తాగినాడు. గుళ్లోకి కూడా వస్తారంట అని పుకారు పుట్టించి, సవర్ణులు కర్రలతో మనవాళ్ల మీద పడినారు. తిండి తింటున్నోళ్లను, ఊళ్లకు పోతున్నోళ్లను కొట్టినారు. ఆ సభకు వచ్చినవాళ్లలో సైన్యంలో పనిచేసిన మహర్లు ఉన్నారు. తుపాకీ పట్టిన చేతులవి. బాబాసాహెబ్ కూడా సుబేదార్ రాంజీ కొడుకే. ఒక్క సైగ చేసుంటే ఆ రాత్రి మహద్ వేరేగా ఉండేది. ఆయన ఆపినాడు. కొట్టలేక ఆగడం వేరు, కొట్టగలిగి ఆగడం వేరు. ఆగి ఊరుకోలేదు, కేసు పెట్టించినాడు, కొట్టినోళ్లలో కొందరికి శిక్షలు పడినాయి. బకెట్లు పట్టుకొని చేతులు దించకుండా నడవడం అంటే ఇదీ.

ఆత్మరక్షణ వేరు సంగతి. 1985 జులైలో కారంచేడులో, తాగేనీళ్ల చెరువు దగ్గర కొరడా ఎత్తినోడికి ఎదురుగా మున్నంగి సువార్త బిందె ఎత్తింది. ఆమెను ఏ శీలమూ తప్పు పట్టదు. చంపాలన్న కోరిక వేరు, తప్పనిసరై ఎదుర్కోవడం వేరు అని బాబాసాహెబ్ అహింస గురించి రాస్తూ విడదీసి చెప్పినారు. ప్రాణం కాపాడుకునే హక్కును చట్టం కూడా ఇచ్చింది. పగ తీర్చుకునే హక్కును ఎవరూ ఇవ్వలేదు.

ఈ లెక్కన చూస్తే ఆ సినిమాలోనూ లోపం ఉంది. శాన్ తే విహారానికి వచ్చింది పగతోనే. చివరికి బయటకు వచ్చి సేనాధిపతితో తలపడి గెలుస్తాడు. జనం ఈల వేసేది అక్కడే. నన్ను అడిగితే సినిమా మొత్తానికి గొప్ప చోటు దానికి కాస్త ముందుంది. ముప్పై ఐదు గదులూ దాటినాక, ఏదైనా ఒక గదికి పెద్దగా ఉండమంటారు. అతను వద్దంటాడు. ముప్పై ఆరో గది కావాలంటాడు. అందులో భిక్ఖువులు కాదు, బయటి మామూలు జనం నేర్చుకోవాలంటాడు. విహారం నియమం ఒప్పుకోదు. శిక్ష అని చెప్పి అతన్ని చందాలు వసూలు చేసుకురమ్మని బయటకు పంపుతారు. శిక్ష పేరుతో ఇచ్చిన అనుమతి అది. బయటకు పోయి జనాన్ని పోగుచేస్తాడు. చివరికి ఆ గది తెరుచుకుంటుంది.

మన ధమ్మంలో ఆ గది తెరిచిన మనిషి ఎవరో వేరే చెప్పాలా? భిక్ఖువుకు దీక్ష ఉంది గానీ, ఇల్లూ పిల్లలూ ఉన్న ఉపాసకుడికి ధమ్మదీక్ష అంటూ లేకపోవడం పెద్ద లోటని, ఈ దేశంలో బౌద్ధం పడిపోవడానికి అదీ ఒక కారణమని 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ రాసినారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో చంద్రమణి భిక్ఖువు దగ్గర తాను దీక్ష తీసుకొని, వెనక్కి తిరిగి తానే లక్షల మందికి దీక్ష ఇచ్చినారు. అక్కడ నిలబడింది కాషాయం కట్టినోళ్లు కాదు. మిల్లు కూలీలు, పొలం కూలీలు, చంకలో బిడ్డలున్న తల్లులు.

మరి మన మూడు ఊళ్లలో ఆ గది యాడుంది? సొంత విహారం కట్టేదాకా ఆగాల్సిన పనిలేదు. కమ్యూనిటీ హాలు, బడి అరుగు, ఏదైనా చాలు. ఆదివారం పొద్దున రెండు గంటలు. త్రిశరణ పంచశీల చెప్పుకొని కాసేపు శ్వాస మీద ధ్యాస పెట్టి కూర్చోండి. కరాటే నేర్చినోళ్లు గానీ, కర్రసాము తెలిసిన పెద్దాయన గానీ ఉంటే ఒక గంట నేర్పించండి. మొదటి నెలంతా కొట్టడం వద్దు, నిలబడటం, పడటం మాత్రమే. మిగిలిన అరగంట ఫిర్యాదు ఎట్లా రాయాలి, 1989 అట్రాసిటీ చట్టంలో ఏముంది, వాయిదాకు పోయేటప్పుడు ఏం అడగాలి అన్నది ఒక వకీలు చేత చెప్పించండి. తాగి వచ్చినోణ్ణి తిట్టొద్దు, ఆ రోజుకు ఇంటికి పంపించి వచ్చేవారం రమ్మనండి. వేరే కులపు పిల్లోడు వస్తే కులం అడగొద్దు. జీపు దిగి వచ్చినోడు ఉంటే వాకిలి దగ్గర కాకుండా మధ్యలో కూర్చోబెట్టండి. ఆడపిల్లలకు వేరే రోజు పెట్టకుండా అదే రోజు, అదే గది. తాళం చెవులు రెండు చేయించి, ఒకటి వాళ్ల చేతికివ్వండి.

జై భీమ్.