అమ్మ ఎవరి మాట వింటుంది

ముసలితనం రెండో బాల్యం అన్న మాట ఎవరు పుట్టించారో గానీ, ముసలివాళ్ళు మాత్రం పుట్టించి ఉండరు. అది నలభై, యాభై ఏళ్ళవాళ్ళకి పనికొచ్చే మాట. పెద్దవాళ్ళ చేతిలో మాత్ర పెట్టి మింగేదాకా ఎదురుగా నిలబడటానికి, బ్యాంకు కాగితం మీద సంతకం ఎక్కడ చెయ్యాలో వేలు పెట్టి చూపించడానికి, వాళ్ళు పక్కనే కూర్చునుండగా వాళ్ళ సంగతి డాక్టరుతో మాట్లాడటానికి ఆ మాట మహా వీలుగా ఉంటుంది. మారాం చేస్తారు, మనమే ఓర్చుకోవాలి అంటాం. నేనూ అన్నాను, ప్రేమగానే అన్నాను. అమ్మని దక్షిణాఫ్రికా తీసుకెళ్ళి వచ్చినప్పట్నుంచీ ఆ మాట నా నోట రావడం లేదు. ఎందుకు రావడం లేదో తేల్చుకుందామని కూర్చుంటే అదీ తేలడం లేదు.

నన్ను తొలుస్తున్న విషయం పైకి చాలా చిన్నది. ఆ ప్రయాణం పొడుగునా అమ్మ గైడు చెప్పిన ప్రతి మాటా విన్నది. నేను చెప్పిన ఒక్క మాటా వినలేదు.

జూన్ నెల అక్కడ చలికాలం. తెల్లవారుజామున స్వెటర్ వేసుకోమంటే, విజయనగరంలో పుట్టి పెరిగినదానికి చలి అంటే ఏమిటో తెలిసినట్టు, 'నాకేం చలి లేదు' అంది. జీపు దగ్గర గైడు దుప్పటి అందిస్తే మెడ దాకా కప్పుకుంది. కేప్ పాయింట్‌లో పాత లైట్‌హౌస్ దాకా మెట్లున్నాయి, పట్టాల మీద లాక్కెళ్ళే చిన్న బండీ ఉంది. బండెక్కుదాం అన్నాను. మెట్లెక్కగలను అంది. గైడు వచ్చి, 'గాలి ఎక్కువగా ఉంది, బండిలో వెళ్ళడం మంచిది' అంటే మారు మాట్లాడకుండా వెళ్ళి వరసలో నిలబడింది. అవే మోకాళ్ళు, అదే సలహా. చెప్పిన నోరు మాత్రం వేరు.

అమ్మకి ఎవరి మాటైనా వినడం చేతకాదు అనుకుందామంటే అదీ కాదు. జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. మాట చెప్పడం, మాట వినడం రెండూ తెలిసిన మనిషి.

బయల్దేరేముందు బంధువులంతా నన్ను శ్రవణకుమారుడితో పోల్చారు. కూతుర్ని కాబట్టి, 'కొడుకు చెయ్యాల్సిన పని నువ్వు చేస్తున్నావు' అని ఒక మెట్టు పైకి కూడా ఎక్కించారు. తల్లిదండ్రుల్ని అతను మోసిన ఆ కావడి గురించి నాకు చిన్నప్పట్నుంచీ ఒక అనుమానం. యాత్ర వాళ్ళే కోరారు, సరే. ఏ దారిన పోవాలో, ఎక్కడ ఆగాలో ఎవరు నిర్ణయించారు? 'ఈ చెట్టు నీడ బాగుంది, ఇంక కాశీ వద్దులే నాయనా' అని తల్లి అంటే దించేవాడా? మోసినవాడి భుజాల నొప్పిని తరతరాలుగా తలుచుకుంటున్నాం. బుట్టలో ముడుచుకు కూర్చున్నవాళ్ళ నడుముల సంగతి ఎవరూ అడగలేదు. పైగా మా అమ్మ ఏ యాత్రా కోరలేదు. దక్షిణాఫ్రికా ఆలోచన పూర్తిగా నాదే. అదెందుకు పుట్టిందో తర్వాత చెబుతాను.

పిలానెస్‌బర్గ్‌లో ఒక సాయంత్రం మాత్రం చెప్పుకు తీరాలి. జొహానెస్‌బర్గ్‌కి వాయవ్యంగా, ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం మిగిల్చిన గుండ్రటి కొండల మధ్య ఉన్న అడవి అది. మలేరియా బెడద లేని చోటు కాబట్టి పెద్దవాళ్ళున్న బృందాలని అక్కడికి తీసుకెళ్తుంటారు. పైకప్పు తప్ప పక్కలు లేని జీపు, మెట్లుమెట్లుగా సీట్లు. గైడుకి ముప్పై ఏళ్ళుంటాయేమో. అమ్మని 'గోగో' అని పిలిచాడు. మన కుర్రాళ్ళు మామ్మా అన్నట్టే. బండి కదిలే ముందు షరతులు చెప్పాడు. లేవకూడదు, చేతులు బయట పెట్టకూడదు, గొంతు పెంచకూడదు. మనం కూర్చునున్నంతసేపూ సింహానికి బండీ, మనుషులూ కలిసి ఒకే పెద్ద ఆకారంట. ఎవరైనా లేచి నిలబడితే ఆ ఆకారం చెదిరి, లోపలున్న మనిషి కనబడతాడట. అమ్మ సంచీ ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

పొద్దు వాలుతుండగా మట్టిదారి మలుపులో ఏనుగు. దారి మధ్యలోంచి, దారి తనదే అన్నట్టు నడిచొస్తోంది. కంటికీ చెవికీ మధ్య నల్లగా తడిచార. నేను అమ్మ శాలువా పట్టుకుని, 'లోపలికి జరుగు' అన్నాను. నా చెయ్యి తీసి పక్కన పెట్టింది. గైడు వెనక్కి తిరక్కుండానే అరచెయ్యి ఎత్తాడు. జీపంతా ఊపిరి బిగబట్టింది, అమ్మ కూడా. అతను బండిని వెనక్కి నడిపించాడు. ఏనుగు వేగం ఎంతో అంతే. ఒక మలుపు, ఇంకో మలుపు. వెనకున్న బళ్ళన్నీ వెనక్కే. ఎంతసేపు అలా వెళ్ళామో తెలియదు. చివరికి ఏనుగు దేనిమీదో మనసు పోయినట్టు పొదల్లోకి తిరిగిపోయింది. కొమ్మలు విరుగుతున్న చప్పుడు మాత్రం వినబడింది.

అందరం ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టాం. అమ్మ మాత్రం, 'మదం మీదుందా?' అని అడిగింది తన బడి ఇంగ్లీషులో. గైడు ఇంజను ఆపేసి ఆమె వైపు తిరిగాడు. ఆ తర్వాత చాలాసేపు వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు. మిగిలినవాళ్ళం విన్నాం.

అతను చెప్పింది ఇదీ. క్రూగర్ పార్కులో ఏనుగులు హద్దు దాటి పెరగకుండా 1960ల చివరి నుంచి 1994 దాకా మందలకి మందల్ని కాల్చేసేవారు. పెద్దవాటిని లారీల్లో తరలించే సాధనం అప్పట్లో లేదు. తల్లులు కూలిపోగా మిగిలిన గున్నల్ని మాత్రం కొన్ని కొత్త అడవులకి పంపారు. పిలానెస్‌బర్గ్‌కీ అలా వచ్చాయి. పెద్దదిక్కు లేకుండా పెరిగిన ఆ మగ గున్నలకి రావాల్సిన వయసుకి ఎంతో ముందే మదం ఎక్కింది, ఎక్కింది దిగలేదు. 1992కీ 1997కీ మధ్య నలభైకి పైగా తెల్ల ఖడ్గమృగాల్ని చంపేశాయి. అప్పటికి పెద్ద ఏనుగుల్ని తరలించడం చేతనయింది. 1998లో క్రూగర్ నుంచి వయసు మీరిన ఆరు మగ ఏనుగుల్ని తెచ్చి వదిలారు. చంపడం ఆగిపోయింది.

'ఆ ఆరూ వీటిని కొట్టాయా?' అంది అమ్మ.

కొట్టనక్కర్లేదన్నాడు. తనకన్నా పెద్దది దగ్గర్లో తిరుగుతుంటే చిన్నదానికి మదం అణిగిపోతుంది.

అమ్మ నవ్వింది. 'అంతే మరి. హెడ్మాస్టరు క్లాసులోకి రానక్కర్లేదు, వరండాలో నడిస్తే చాలు.'

ఈ కథలోంచి ఎవరైనా తీసే నీతి ఒకటుంది. పెద్దలు లేని ఇల్లు అడవి పాలవుతుంది, కాబట్టి పెద్దల్ని పూజించండి. రేపు పొద్దున్నే ఎవరో గులాబీ పువ్వు బొమ్మ కింద పెట్టి పంపగలిగిన నీతి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ముక్క. ఆ ఆరు ఏనుగులూ ఆ గున్నలకి ఏమీ కావు. తండ్రులూ కావు, మేనమామలూ కావు. అసలు ఏనుగుల్లో తండ్రి పిల్లల్ని పెంచడం ఉండదు. మగపిల్ల పదీ పదిహేనేళ్ళ మధ్య తల్లి మంద వదిలి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత దాన్ని అదుపులో ఉంచేవి దాని ఆలనాపాలనా ఎరగనివే. 'నీ మంచికే చెబుతున్నా' అనే పెద్ద ఏనుగు ఉండదు.

నేను అమ్మకి చెప్పే ప్రతి మాట వెనకా ఆ 'నీ మంచికే' ఉంటుంది. గైడు మాట వెనక ఏమీ లేదు. కూర్చోమంటే కూర్చోమనే. అతని మాట కాదంటే అతని మొహం చిన్నబోదు. నా మాట కాదంటే నా మొహం చిన్నబోతుంది, అన్నం దగ్గర మాట తగ్గుతుంది, ఫోన్లో తమ్ముడికి ఫిర్యాదు వెళ్తుంది. అటువంటి మాటని సలహా అనడం ధర్మం కాదు. విన్నందుకు మెప్పు, వినకపోతే అలక. పిల్లల్ని పెంచే పద్ధతే ఇది. రెండో బాల్యం అన్న మాట ఇక్కడ పనికొస్తుంది.

రాబెన్ ద్వీపానికి వెళ్ళినప్పుడు ఇంకో సంగతి దీని పక్కన వచ్చి చేరింది. అక్కడి జైల్లో దారి చూపించేది ఒకప్పటి ఖైదీలే. 1964లో రివోనియా కేసులో యావజ్జీవ శిక్ష పడినవాళ్ళు వచ్చినప్పుడు, భారతీయ సంతతివాడైన అహ్మద్ కత్రాడాకి పొడుగు పంట్లాం ఇచ్చారు. అప్పటికి నలభై ఐదేళ్ళున్న మండేలాకి, మిగతా ఆఫ్రికన్లకి నిక్కర్లు ఇచ్చారు. నల్లవాడు ఎంత వయసొచ్చినా 'బోయ్' అనేది అప్పటి తెల్లవాళ్ళ ప్రభుత్వ సిద్ధాంతం. ఎదిగిన మనిషిని పిల్లవాడు అనడం ఎవరికి అవసరం? అతని బదులు తాను నిర్ణయించదలచినవాడికి. ఈ పోలిక అన్యాయమని నాకు తెలుసు. మాత్ర వేసుకోమనడం వేరు, సంకెళ్ళు వేయడం వేరు. అయినా అమ్మకి నేను కొన్న, పిల్లలు వేసుకునేలాంటి రంగురంగుల ఉన్ని టోపీ ఆ పూట ఆమె సంచీలోనే ఎందుకు ఉండిపోయిందో అడగాలనిపించలేదు.

ఇక్కడిదాకా వచ్చాక నా వాదన మీద నాకే అనుమానం. గైడు నిబ్బరానికి అయ్యే ఖర్చేమిటి? సాయంత్రానికి అతని పని అయిపోతుంది. క్రితం ఏడాది బాత్రూంలో జారి అమ్మ మణికట్టు విరిగింది. ఎక్స్‌రే చూసి డాక్టరు, ఎముకలు గుల్లబారాయి, ఈసారి తుంటి అయితే కష్టం అన్నాడు. ఆ మాట గైడు వినలేదు, నేను విన్నాను. కేప్ పాయింట్ మెట్ల దగ్గర నా కంటికి కనబడింది సముద్రం కాదు, ఆ ఎక్స్‌రే. భయపడని గొంతు గొప్పదని ఒప్పుకుంటే, భయపడటానికి కారణం ఉన్నవాళ్ళంతా గొంతు మూసుకోవాలి. ఏమీ కానివాడి మాటే శుద్ధమైనదనడం సన్యాసులకి సరిపోతుంది, కూతుళ్ళకి కాదు. ఇంకొకటి. గైడుని కాదనడానికి అమ్మకి కారణం లేదు, అతని ముందు ఆమె నిరూపించుకోవాల్సింది ఏమీ లేదు. నన్ను కాదనడంలోనే ఆమెకి ఇంకా తానే తల్లి. అలాగైతే వినకపోవడం నా ఓటమి కాదు, ఆమె ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తు. ఈ మాట అనుకోగానే మనసు తేలికపడింది. అందుకే దీన్నీ పూర్తిగా నమ్మను.

అసలు దక్షిణాఫ్రికా ఎందుకు వెళ్ళాం? అమ్మతో పనిచేసిన టీచరొకావిడ, పెద్దవాళ్ళ కోసం కట్టిన ఒక నివాసంలో చేరింది. అమ్మ వెళ్ళి చూసొచ్చింది. కరపత్రం తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, 'నేనూ అక్కడ ఉందామనుకుంటున్నా' అంది. 'మా ఇంట్లో నీకేం తక్కువైంది?' అన్నాను. డబ్బిచ్చి చేయించుకునేది సేవ కాదని, కన్నవాళ్ళని జీతగాళ్ళకి అప్పగించేవాళ్ళు మనుషులు కారని నమ్మే ఇళ్ళలో పెరిగినదాన్ని. ఆ కరపత్రానికి జవాబుగానే టూరు టికెట్లు కొన్నాను. ఇంత చేసే కూతుర్ని వదిలి ఎలా వెళ్తావు అని, నోటితో అనకుండా ఏనుగుల చేత, సముద్రాల చేత చెప్పించాను.

అవి ఇంకేదో చెప్పాయి. డబ్బు పుచ్చుకుని దుప్పటి అందించిన మనిషి దగ్గర అమ్మ ఎంత హాయిగా ఉందో నా కళ్ళతో చూశాను. అతను ఆమెకి రుణపడి లేడు, ఆమె అతనికి రుణపడి లేదు. పితృరుణం, మాతృరుణం అంటూ మనం పెంచుకుంటూ వచ్చిన లెక్క అక్కడ లేదు. లెక్క లేని చోట మనిషి స్వేచ్ఛగా ప్రశ్నలడిగింది, నవ్వింది.

తిరిగొచ్చాక ఆ కరపత్రం సంగతి నేనే ఎత్తాను. వద్దనడానికి కారణాలు వెతికాను. తిండి, మెట్లు, అర్ధరాత్రి డాక్టరు. అన్నిటికీ అక్కడ ఏర్పాట్లున్నాయి, మా ఇంట్లోకన్నా మెరుగ్గానే. చివరికి ఒక్కటే మిగిలింది: నువ్వు లేకపోతే నాకు తోచదు. అది ఆమె మంచికి సంబంధించిన కారణం కాదు. కాబట్టి దాన్ని ఆదేశంగా చెప్పే హక్కు నాకు లేదు, అడగాలి. 'ఉండమ్మా' అని అడిగాను. 'ఆలోచించి చెప్తాలే' అంది.

దారిలో పడ్డాననుకున్నాను. ఇప్పుడు అదీ సందేహమే. నా ఆజ్ఞల్ని అమ్మ ఎప్పుడూ లెక్కచెయ్యలేదు, స్వెటరు దగ్గర్నుంచీ. బతిమాలిన బిడ్డని కాదనడం మాత్రం ఆమెకి ఈ జన్మలో చేతకాలేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అడిగానేమో కూడా. గొంతు తగ్గించి నేను వేసిన కట్టు, గొంతు పెంచి వేసిన వాటన్నిటికన్నా గట్టిది. నిజంగా ఆమెని స్వతంత్రంగా ఉండనివ్వాలంటే, ఆలోచన పూర్తయ్యేలోగా నేను పాత పద్ధతిలోనే ఒకసారి గట్టిగా అనాలి: వెళ్ళడానికి వీల్లేదు అని. అప్పుడు ఏ బాధా లేకుండా పెట్టె సర్దుకుంటుంది.