పిల్లల భయము, పెద్దల వినోదము

వెల యిచ్చి భయమును కొనుక్కొనుట మనుష్యునకు దక్క మరి యే ప్రాణికిని తెలియని విద్య. పులి పొడ గిట్టిన లేడి పరుగెత్తును. అంతతో దాని కథ ముగియును. మనుష్యుడో, టిక్కెట్టు కొని, ఎండలో వరుసగా నిలిచి, తన్ను తలక్రిందులు చేయు యంత్రము నెక్కి, కేకలు వేసి, దిగినపిమ్మట నవ్వుకొనును. వయస్సు వచ్చినవారు తమ యిష్టముచొప్పున ఇట్లు చేయుటలో దోష మేమియు లేదు. కాని ఈ వినోదమును మూడేండ్ల, నాలుగేండ్ల పసివారికి, అందును పుట్టుకతోనే బెదురు స్వభావము గలవారికి, ఎంతవరకు పంచి యీయవచ్చును? బిడ్డ వలదని యేడ్చుచుండగా తండ్రి యెత్తుకొనిపోయి యంత్రముపై కూర్చుండబెట్టుటకు అతనికి గల అధికార మెట్టిది? ఇది చిన్న ప్రశ్నగా తోచును. కాని బిడ్డ మనస్సుపై పెద్దలకు గల హక్కు ఎంతవరకని అడుగు ప్రశ్న యిందులోనే యిమిడి యున్నది.

హైదరాబాదు పడమటి భాగమును చూడుడు. 1998లో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన నాటినుండి మాదాపురము, గచ్చిబౌలి, కొండాపురము, నల్లగండ్ల ప్రాంతములు పెరిగి పెరిగి యొక నగరమే యైనవి. ఇచ్చటి గృహములలో తల్లిదండ్రు లిరువురును ఉద్యోగస్థులగుట సామాన్యము. వారమున అయిదు దినములు బిడ్డ అమ్మమ్మయొద్దనో, ఆయాయొద్దనో, శిశుసంరక్షణాలయమందో గడపును. తల్లి యింటనే కూర్చుండి పనిచేయు దినములందు సయితము ఆమె కన్నులు కంప్యూటరుపై నుండును. కావున వారమంతయు దాచిన ప్రేమ ఆదివారమునాడు ఒక్కమారుగా చెల్లింపవలసిన బాకీ యగును. ఆ బాకీని తీర్చుటకై బాహ్యవలయ రహదారి పట్టి రావిర్యాలలోని వండర్‌లా ఉద్యానమునకు పోవు కార్లెన్నియో! ఆ ఉద్యానము 2016 ఏప్రిలులో తెరవబడినది. ప్రవేశమునకు వెల యిచ్చితిమి గదా, వచ్చినంత దూరము వచ్చితిమి గదా, బిడ్డ సంతోషింపకున్న నెట్లు? సంతోషించినట్లు ఫోటోయైనను ఉండవలదా? బంధువుల వాట్సాప్ గుంపులో పినతండ్రిగారి మనుమడు అదే యంత్రముపై చేతులెత్తి నవ్వుచున్నాడు గదా! ఇట్టి ఆలోచనలచే పీడింపబడు తండ్రిని నేను నిందింపజాలను. అతని ప్రేమ నిజమైనదే. అయితే ప్రేమ తొందరపడినపుడు ఆ తొందర బరువు మోయవలసినది బిడ్డ.

ప్రతి యంత్రము వాకిటను గీతలు గీసిన కొలతకోల యొకటి యుండును. బిడ్డ తల ఆ గీతను ముట్టినచో లోనికి పంపుదురు, ముట్టకున్న వెనుకకు పంపుదురు. ఈ నియమము మిక్కిలి మంచిది. యంత్రములోని అడ్డుకమ్మి యొక పరిమాణముగల దేహమును మాత్రమే పట్టి యుంచగలదు. అంతకు చిన్నదేహము జారిపోవచ్చును. కోల చెప్పున దింతమాత్రమే. కాని మన తల్లిదండ్రులు పెక్కుమంది దానిని ధైర్యమునకు యోగ్యతాపత్రముగా భావించుచున్నారు. "ఎత్తు సరిపోయినది, ఇంకేమి భయము?" అని బిడ్డను ముందుకు త్రోయుదురు. కోల కొలిచినది దేహమును. మనస్సును కొలుచు పనిని యంత్రము వారు తల్లిదండ్రులకే విడిచిపెట్టినారు. అక్కడ గీత లుండవు.

పెద్దవాడు భయమునందు సుఖ మేల పొందును? రావిర్యాలలో రికాయిల్ అను బండి కలదు. అది కూర్చున్నవారిని ముందుగా వెనుకకు లాగి ఎత్తునకు చేర్చి విడిచిపెట్టును. పట్టాల మెలికలలో తలక్రిందులుగా చుట్టి ఎదుటి యెత్తు నెక్కి, మరల ఆ దారినే వెనుకకు దూకును. అందెక్కిన యువకుని గుండె దడదడలాడుచున్నను, కమ్మి గట్టిదనియు, రెండు నిమిషములలో నేలపై నుందుననియు అతని బుద్ధి యొక మూల చెప్పుచునే యుండును. భరతుడు భయానకమును రసములలో చేర్చినపుడు ఉద్దేశించినది ఇట్టి భయమునే. భయము స్థాయిభావము, అది తనదిగాక, తన ప్రాణమునకు ముప్పు లేనిదై యున్నపుడే రసమగునని కాశ్మీరమున వేయేండ్ల క్రిందట అభినవగుప్తుడు విచారించెను. నాటకశాలలో కూర్చున్నవానికి అది నాటకమని తెలియును. తెలియనివానికి రసము లేదు. వట్టి భయమే కలదు.

పసివానికి తెలియునా? మన యూళ్ళలో పులివేషము వచ్చినపుడు చూడుడు. డప్పు మ్రోగుచుండ పెద్దలు ఈలవేయుదురు, చంకలోని బిడ్డ మాత్రము తల్లిమెడను కరచుకొని గుక్కపట్టి యేడ్చును. "లోపల మనిషేరా, మన సాయిలే" అని చెప్పినను వినడు. ఇది మొండితనము కాదు. 1969లో రేటా డివ్రీస్ అను అమెరికా విద్వాంసురాలు ఒక సాధువైన పిల్లికి కుక్కముఖము తొడిగి, మూడునుండి ఆరేండ్ల పిల్లలకు చూపినది. మూడేండ్లవారిలో పలువురు ఆ పిల్లి నిజముగా కుక్క యైనదని నమ్మిరి, ఆరేండ్లవారు నమ్మలేదు. తొడుగు వేరు, తొడుగు లోనిది వేరు అను జ్ఞానము ఈ రెండు వయస్సుల నడుమ మెల్లగా పండును. పండని మనస్సును చీకటిగుహలోనికి పంపి, పళ్ళికిలించు బొమ్మలను చూపి, "అంతయు ఉత్తదే" యని నవ్వుట యెట్టి న్యాయము? ఉద్యానములలో నృత్యముచేయు పెద్దతల బొమ్మవేషధారులు సయితము ఈ కోవలోనివారే. కరచాలనము చేయుమని బిడ్డను వారిమీదికి నెట్టకుండుట మేలు.

అమెరికాలోని కోనీ ఐలెండున 1884లో థామ్సన్ అనువాడు పట్టాలపై జారుబండి నొకదానిని నడపెను. దాని వేగము గంటకు సుమారు ఆరు మైళ్ళు. నేడు మాదాపురములోని ఇనార్బిట్ మాలువంటి చోట్ల పసివారిని త్రిప్పు బొమ్మరైలు కంటె అది ఎంతో ఎక్కువ కాదు. ఆ వేగమునకు నాటి పెద్దలు ఒడలు పులకరించి దిగి, మరల వరుసలో నిలిచిరి. భయమునకు కొలత యంత్రములో లేదు, ఎక్కినవాని అలవాటులో కలదు. ఈ మాట మనము పెద్దల విషయమున సులభముగా ఒప్పుకొందుము. బొమ్మరైలుపై ఏడ్చు బిడ్డను చూచిననో, "ఇంతదానికేనా?" అని నవ్వుదుము.

మన జాతరలలోని రంగులరాట్నమునకును ఈ యంత్రములకును నాకు తోచిన భేద మొకటి చెప్పెదను. కొయ్యగుఱ్ఱముల రాట్నమును మనిషి చేతితో త్రిప్పును. బిడ్డ యేడ్చినచో అతనికి వినబడును. ఒక చేయి అడ్డము పెట్టి ఆపి, దింపి, తల్లికి అందించి, మిగిలినవారిని త్రిప్పును. అతడు పోగొట్టుకొనునది అర నిమిషము. ఇప్పటి పెద్ద యంత్రము ఒకమారు కదలిన పిదప ఒక్క బిడ్డ యేడ్పునకు ఆగదు. కొన్ని నడుమ ఆపుటకు వీలులేనివి. 2025 జనవరిలో నాంపల్లి నుమాయిషునందు ఒక యంత్రము చెడి, ఎక్కినవారు కొంతసేపు తలక్రిందులుగా నిలిచిపోయిరి. పెద్దలకే అది యెట్లుండెనో ఊహింపవచ్చును. కావున బెదురుగల బిడ్డకు యంత్రము నెన్నునపుడు ఎంత ఎత్తు, ఎంత వేగము అని అడుగుటకంటె, నడుమ "చాలు" అన్న ఆగునా, నేను ప్రక్కన కూర్చుండవచ్చునా, నా ముఖము వానికి కనబడునా అని అడుగుట మంచిది. పసివారిని బెదరించునది తరచుగా ఎత్తు కాదు. హఠాత్తుగా పుట్టు పెద్దచప్పుడు, చీకటి, తల్లినుండి వేరగుట, వెనుకకు పోవుట, ముఖముపై నీళ్ళు చిమ్ముట. అలలకొలనులో మోకాలిలోతున హాయిగా ఆడుకొను బిడ్డ, అలలు మొదలగునని తెలుపు కూతకే కెవ్వుమనుట కద్దు.

ఇక మన గృహములలోని యొక వింత. రాత్రి అన్నము తినకున్న "బూచాడు వచ్చును" అందుము. నిద్రపోకున్న చీకటిగదిని చూపుదుము. అల్లరిచేసిన "పోలీసున కప్పగింతు" నందుము. ఆరు దినములు ఇట్లు భయమును ముద్దలతోపాటు తినిపించి, ఏడవనాడు యంత్రము ముందు నిలువబెట్టి, "ఛీ, పిరికిపందా! మగపిల్లవాడవై యుండి ఏడ్తువా?" అని గద్దింతుము. ఆడపిల్లయైనచో నవ్వి యూరకుందుము. ఆమె భయపడుట మనకు ముద్దు. రెండును అన్యాయములే. మగబిడ్డకు భయమును దాచుట నేర్పితిమి, ఆడబిడ్డకు భయమే యలంకారమని నేర్పితిమి. ఏ బిడ్డకును భయమును చెప్పుకొనుట నేర్పలేదు.

"ఏమీ కాదురా కన్నా, నేనున్నాను గదా" అను మాటను గూర్చి కొంచె మాలోచింపుడు. 1985లో ప్రకటింపబడిన యొక ప్రసిద్ధ పరిశోధనయందు, ఏడాది వయస్సు బిడ్డలను ఒక బల్లపై నుంచిరి. బల్ల నడుమ లోతు కనబడును గాని, పైన దళసరి గాజు పరచియుండును. ఆవలివైపున తల్లి నవ్వుముఖముతో నిలిచినపుడు పందొమ్మండుగురిలో పదునలుగురు గాజుమీదుగా ప్రాకిపోయిరి. తల్లి భీతముఖము పెట్టినపుడు పదునేడుగురిలో ఒక్కరును పోలేదు. మాటలు రాని బిడ్డ తల్లిముఖమును గ్రంథమువలె చదువుచున్నాడు! అయితే అచ్చట గాజు నిజముగా గట్టిది. తల్లినవ్వు నిజమునే చెప్పినది. తలక్రిందులు చేయు బండిని చూపి "ఏమీ కాదు, మెల్లగా పోవును" అని నవ్వు తండ్రి ఆ నవ్వుతోనే బిడ్డను బొంకించుచున్నాడు. బిడ్డ ఎక్కును, ఏలయన నమ్మినాడు. దిగినపిమ్మట ఆ యంత్రమును ఒక వారములో మరచిపోవచ్చును. రేపు వైద్యుని సూదిముందు, ఎల్లుండి బడిమొదటినాడు, "ఏమీ కాదు" అని తండ్రి యన్నపుడు మాత్రము ఒకమారు ఆగి ఆలోచించును.

ఇంతమాత్రమున బెదురుగల బిడ్డను కదలక కూర్చుండబెట్టుమని నా యభిప్రాయము కాదు. "వాడు భయస్థుడండీ" అని బిడ్డ వినుచుండగనే పదిమందికి చెప్పి, ప్రతిదానినుండియు తప్పించు అమ్మమ్మలున్నారు. బెదురు స్వభావము కొందరికి పుట్టుకతో వచ్చునదే. జెరోమ్ కేగన్ అను పండితుడు నాలుగునెలల శిశువులను పరీక్షించి, సుమారు ఐదింట ఒకరు క్రొత్తదానికి మిక్కిలి కలతపడుదురని కనిపెట్టెను. పుట్టుకతో వచ్చినంతమాత్రమున మారనిది కాదు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనునామె పీటర్ అను మూడేండ్ల బాలునకు గల కుందేలు భయమును పోగొట్టినది. అతడు ఇష్టమైన తినుబండారము తినుచుండగా, పంజరములోని కుందేలును గదిలో దూరముగా నుంచి, అతడు సహించినంతవరకే దినదినమును దగ్గరకు జరిపించిరి. తుదకు ఆ బాలుడు దానిని చేతితో నిమిరినాడు. దూరమును ఎంత తగ్గింపవలయునో తెలిపినది బాలుని ముఖమేగాని పెద్దల గడియారము కాదు.

దీనిని ఉద్యానమున ఆచరించుట కష్టము కాదు. మొదట ఎక్కక చూడనిండు. బొమ్మరైలు ఒక చుట్టు తిరిగి వచ్చువరకు ప్రక్కన నిలిచి, అది మొదలిడిన చోటనే ఆగుననియు, ఎక్కినవారందరును దిగుచున్నారనియు కన్నులార చూడనిండు. ఎంతసేపో వానికి తెలిసిన కొలతతో చెప్పుడు: "చందమామ పాట రెండుమారులు పాడునంత సేపు". చప్పుడు వచ్చునని, తల తిరుగునని ముందే చెప్పుడు. వలదన్న మానుడు; మానితిమను ఎత్తిపొడుపు సాయంకాలము కారులో వినబడనీయకుడు. భోజనమైన వెంటనే, నిద్రవేళను, ఏ యంత్రమును వలదు. పెద్ద ఉద్యానమునకు ముందు శిల్పారామములోని పడవయో, మాలులోని చిన్నరాట్నమో చాలును. పసివానికి రావిర్యాలయే గొప్పది, ఇంటిప్రక్కది తక్కువది అను భేదము లేదు. ఆ భేదము మనది.

ఇద్దరు బిడ్డలున్న యింట చిక్కు అధికము. పెద్దమ్మాయి రికాయిలు నెక్కెద నని గంతులు వేయును. చిన్నవాడు తల్లికొంగు విడువడు. ఒకరికై మరియొకరిని ఈడ్చుట మన వాడుక. అట్లుగాక తండ్రి పెద్దదానితో వరుసలో నిలువవచ్చును, తల్లి చిన్నవానితో నీడనున్న బల్లపై కూర్చుండవచ్చును. మరుసటి యంత్రమునకు వారు మారవచ్చును. చిన్నవాడు ఆనాడంతయు బొమ్మరైలు తప్ప మరొకటి ఎక్కకపోవచ్చును. దానినే నాలుగుమారు లెక్కి, వాకిలి మూయువేళ అయిదవమారు అడిగినచో, వరుస చిన్నదిగా నున్నయెడల, ఎక్కించి తీసికొనిరావచ్చును.