మోళిగె మారయ్య కట్టెలమోపు – నేటి ఇంధన విచారము

పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమునందు బసవేశ్వరుని ఆశ్రయించిన శరణులలో రాజులు కలరు, రజకులు కలరు, చర్మకారులు కలరు, పడవ నడుపువారు కలరు. ఇంధనమును గూర్చి నేటి లోకము చేయుచున్న పెద్ద వాదమునకు ఆ శరణులందరిలో మిక్కిలి సన్నిహితుడు మోళిగె మారయ్య. కన్నడమున మోళిగె యనగా కట్టెలమోపు. ఆయన కాశ్మీర దేశమున రాజ్యమేలినవాడనియు, బసవన్న కీర్తిని విని రాజ్యమును విడిచి ధర్మపత్ని మహాదేవితో కల్యాణమునకు వచ్చెననియు సంప్రదాయము చెప్పుచున్నది. కిరీటము మోసిన తలపై కట్టెలమోపు పెట్టుకొని వీధివీధి తిరిగి అమ్మి, ఆ రాబడితో జంగమదాసోహము నడపెను. బసవకల్యాణమునకు సమీపమున మోళకేరి గ్రామమందు ఆయన గుహను నేటికిని భక్తులు దర్శించుచున్నారు.

ఆ దంపతుల పేదరికమును చూచి బసవన్న మనసు కరగెను. జంగమవేషమున వారి యింటికేగి, ఆతిథ్యము గొని, వారెరుగకుండ బంగారు నాణెములను అక్కడ విడిచి వచ్చెను. అడవినుండి తిరిగివచ్చిన మారయ్య ఆ ధనమును చూచి సంతోషింపలేదు, నొచ్చుకొనెను. తన కాయకమువలన రాని సొమ్ము తన యింట నిలువరాదని దానిని జంగమలకే ఇచ్చివేసెను. అంతటితో ఆగక పాదోదకమును కట్టెలపై చల్లగా అవియన్నియు బంగారమాయెనట. ఆ బంగారమును సైతము దానము చేసి, మరునాడు మరల గొడ్డలి పట్టి అడవికే పోయెను.

పురాణశ్రవణము చేయువారు సాధారణముగా బంగారము వద్ద ఆగి ఆశ్చర్యపడుదురు. కట్టెలవద్ద ఆగువారు తక్కువ. మారయ్య అమ్మినది ఇంధనము. ఊరివారి పొయ్యిలో మండునది ఎక్కడినుండి వచ్చినది, ఎవరి తలపై వచ్చినది, దానివలన వచ్చిన రాబడి ఎక్కడికి పోయినది అను మూడు ప్రశ్నలకు ఆయన జీవితమున తేటతెల్లమైన సమాధానము కలదు. నేడు మన యింట స్విచ్చి నొక్కినపుడు వెలుగు దీపమును గూర్చి ఈ ప్రశ్నలనే అడిగినచో ఎందరు సమాధానము చెప్పగలరు?

వాల్మీకిపురము, మదనపల్లె, పుంగనూరు ప్రాంతములు వర్షము తక్కువగల మెట్టసీమ. టమాట పంటకు పేరుపొందిన నేల. ఇక్కడి గుట్టలపై కంపయు తుమ్మయు ఏరి, తలమోపులుగా కట్టి తెచ్చుట తరతరములుగా స్త్రీల పని. మగవాని మోపును గూర్చి పురాణము కలదు గాని ఆడువారి మోపును గూర్చి లేదు. ఆ కట్టెలు తెచ్చినది ఆమెయే, ఊదుడుగొట్టముతో ఊదినది ఆమెయే, పొగ మ్రింగినది ఆమెయే. పొగగూడు లేని వంటయింటిలో పసిబిడ్డను ఒడిలో పెట్టుకొని వండిన తల్లులెందరో! ఇంటిలోని పొయ్యిపొగ మొదలగువానివలన 2020వ సంవత్సరమున ప్రపంచమున సుమారు 32 లక్షలమంది అకాలమరణము చెందిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టినది. వారిలో 2 లక్షలకు పైగా అయిదేండ్లలోపు శిశువులు. దేహమునే దేవాలయముగా భావింపుమని బోధించిన మతమును అనుసరించువారి యింట, ఆ దేవాలయములోనికి ప్రతిదినము పొగ పోయుట ఏమి ఆచారము?

ఈ దుఃఖమును తీర్చుటకు వచ్చినది వంటగ్యాసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999లో దీపము పథకము క్రింద పేద మహిళలకు గ్యాసు కనెక్షను లిచ్చిరి. 2016 మే నెలలో కేంద్ర ప్రభుత్వము ఉజ్జ్వల పథకమును ఆరంభించినది. 2024 నవంబరు 1న శ్రీకాకుళము జిల్లా ఈదుపురమున ఆరంభమైన దీపము-2 పథకముచే అర్హులైన కుటుంబములకు ఏడాదికి మూడు సిలిండరులు ఉచితముగా లభించుచున్నవి. మిగిలిన నెలలకు పేదయింట మరల కట్టెలపొయ్యి వెలుగుచుండుట కద్దు. దీనిని బద్ధకమని కొందరు విమర్శింతురు. సిలిండరు ఖరీదును దినకూలీతో భాగించి చూచిన పిమ్మట ఆ విమర్శ నిలువదు.

కాని గ్యాసు సైతము నేలలోని శిలాజ ఇంధనమే. మన దేశము వాడు వంటగ్యాసులో నూటికి 60 వంతులకు సమీపముగా ఓడలపై విదేశములనుండి వచ్చుచున్నది. గల్ఫ్ సముద్రమున అలజడి కలిగినపుడెల్ల మన పల్లె పొయ్యి కూడ వణకవలసి వచ్చుచున్నది. ఇక విద్యుత్తు. కడప జిల్లా కలమల్ల వద్దగల రాయలసీమ తాపవిద్యుత్కేంద్రము 1994లో మొదటి యూనిటుతో ఆరంభమై, తరువాత 1,650 మెగావాట్లకు పెరిగినది. దానికి బొగ్గు రైలుపై దూరమునుండి రావలెను. మన దేశపు బొగ్గులో బూడిద అధికము, నూటికి 30 మొదలు 45 వంతుల వరకు. నుదుట విభూతి ధరించువారు ఈ భేదమును ఇట్టే గ్రహింతురు. గోమయమును ఎండించి కాల్చిన భస్మము వేరు, గుట్టలుగా పేరుకొని గాలిలో ఎగిరి పంటలపైనను ఊపిరితిత్తులలోను పడు ఈ బూడిద వేరు.

కావున రెండు పక్షములు ఏర్పడినవి. ఒక పక్షమువారు బొగ్గును చమురును తక్షణమే విడువవలెనందురు. రెండవ పక్షమువారు పేద దేశమునకు ముందు ఇంధనము కావలెను, శుద్ధి తరువాత చూతమందురు. ఆంధ్రదేశమున ఈ రెండును ఏకకాలమున నడచుచున్నవి. నెల్లూరు జిల్లా రామాయపట్నము వద్ద సుమారు లక్షకోట్ల రూపాయల వ్యయముతో చమురుశుద్ధి కర్మాగారమును నెలకొల్పవలెనని భారత్ పెట్రోలియం సంస్థ 2024 డిసెంబరులో సంకల్పించినది. అదే సంవత్సరము అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వము సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానమును ప్రకటించినది. ఒక చేత చమురుకుండ, మరియొక చేత సూర్యఫలకము. ఇది కపటమని కోపించువారు కలరు గాని, పాత పొయ్యి ఆర్పకముందే కొత్త పొయ్యి రాజేయని గృహిణి ఎక్కడ కలదు? అనుమానింపవలసినది మరియొకటి: కొత్త పొయ్యి రాజుకొన్న పిమ్మట పాతదానిని నిజముగా ఆర్పుదురా?

దేశమంతటి లెక్క కూడ అట్లే యున్నది. 2025 జూను నాటికి మన విద్యుత్కేంద్రముల స్థాపిత సామర్థ్యములో సగము శిలాజేతరమైనది. 2030 నాటికి చేరవలసిన గురి అయిదేండ్లు ముందుగనే చేరినది. సంతసింపవలసినదే. అయినను వాస్తవముగా ఉత్పత్తియగు విద్యుత్తులో నాలుగింట మూడువంతులకు దగ్గరగా నేటికిని బొగ్గునుండియే వచ్చుచున్నది. ఎండ పగలే కాయును, ఇండ్లలో దీపములు రాత్రి వెలుగవలెను గదా. అందుచేతనే నంద్యాల జిల్లా పిన్నాపురము వద్ద 1,680 మెగావాట్ల జలాశయ పథకమును తలపెట్టిరి. పగటి సౌరవిద్యుత్తుతో నీటిని పైజలాశయమునకు తోడి, రాత్రి క్రిందికి వదలి విద్యుత్తు తీయుట దాని పద్ధతి. పగలు సంపాదించి రాత్రి దాసోహము చేయు శరణుని రీతి ఇదియే.

మన సమీపముననే కుప్పము నియోజకవర్గమున ప్రతి యింటి కప్పును విద్యుత్కేంద్రముగా మార్చు ప్రయోగము 2025 జనవరిలో నడిమూరు గ్రామమున ఆరంభమైనది. 2024 ఫిబ్రవరిలో కేంద్రము ప్రకటించిన సూర్యఘర్ పథకము దీనికి ఆధారము. ఆ పథకము క్రింద ఒక కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడింటికి 78,000 రూపాయల వరకు రాయితీ కలదు. షెడ్యూల్డు కులముల, తెగల గృహములకు రెండు కిలోవాట్లు ఉచితముగా అమర్చుటకును, వెనుకబడిన తరగతులకు అదనపు రాయితీ నిచ్చుటకును రాష్ట్రము పూనుకొన్నది. మన సీమ ఎండకు రెండు కిలోవాట్ల ఫలకములు నెలకు రమారమి 200 యూనిట్ల నీయగలవు. ఇన్నాళ్లు కరవును తెచ్చిన ఎండయే ఇపుడు పంట! తన కప్పుపై తానే విద్యుత్తు పండించుకొనుట మారయ్య కాయకమునకు ఎంతయో దగ్గర. కాని అద్దె యింటివానికి కప్పు లేదు. రేకుల కొట్టమువానికి ఫలకము నిలుపు గోడ లేదు. వారిని విడిచిన పథకము సగము దారిలో నిలిచిన రథము వంటిది.

ఇక్కడ పురాతనుల కథలు రెండు స్మరింపదగినవి. తిరువొత్తియూరున గానుగ త్రిప్పు కలియ నాయనారు ప్రతిరాత్రి గుడిలో దీపములు వెలిగించెడివాడు. దారిద్ర్యమున చమురు కొనలేక, ప్రమిదలలో తన నెత్తురే పోయుటకు కంఠము కోసికొనబోగా శివుడు చేయి పట్టుకొనెను. కణంపుల్ల నాయనారు గడ్డి కోసి అమ్మి నేయి కొని దీపము పెట్టెడివాడు. గడ్డి అమ్ముడుపోని దినమున గడ్డినే కాల్చెను, అదియు చాలక తన శిరోజములనే వత్తిగా వెలిగించెను. నేటివారికి ఈ భక్తి ఉగ్రముగా తోచవచ్చును. అయినను వారిద్దరును దీపమునకు అర్పించినది తమది, పొరుగువానిది కాదు.

పొరుగువానిది అర్పించిన దీపములు మన కాలమున కలవు. తూర్పు గోదావరి జిల్లా నగరము గ్రామమున 2014 జూను 27 తెల్లవారుజామున గెయిల్ సంస్థ గ్యాసుగొట్టము నుండి వాయువు వెలువడి, అంటుకొని, నిద్రించుచున్న ఇండ్లను దహించెను. ఇరువదిమందికి పైగా మరణించిరి. ఆ గొట్టములో పోవు గ్యాసు ఎక్కడనో విద్యుత్తు కావలసినది, కాలినది మాత్రము ఆ ఊరి కొబ్బరితోటలు, ఆ ఊరి బిడ్డలు. బొగ్గు, చమురు, గ్యాసులకే ఈ దోషమనుకొని ఊరడిల్ల వీలులేదు. మదనపల్లెకు ఉత్తరమున ఎన్.పి.కుంట వద్ద 2016లో 250 మెగావాట్ల సౌరకేంద్రము సిద్ధమైనది. సూర్యుని వెలుగునకు పొగ లేదు గాని ఫలకములు పరచుటకు వేలాది యకరములు కావలెను. ప్రభుత్వ భూమిని ఏండ్ల తరబడి దున్నుకొని బ్రతికిన కొందరు, చేతిలో సరియైన పట్టా లేనందున పరిహారమునకై పెనగులాడవలసి వచ్చినది. మేకల కాపరికి మేపు పోయినది. శుద్ధమైన ఇంధనమైనంత మాత్రమున దాని సంపాదన శుద్ధమైపోదు. బంగారమును చూచి మారయ్య నొచ్చుకొన్నది ఇందుకే.

సింగరేణిలో బొగ్గు తవ్వువాని మాటయు మరువరాదు. 1889నుండి ఆ నేలలో తరములు చెమటోడ్చినవి. మన యింట వెలిగిన దీపములో వాని శ్వాస కలదు. బొగ్గు పాపమని ఉపన్యసించుట సులభము, బొగ్గు తవ్వినవానిని పాపిగా చూచుట మాత్రము శరణధర్మము కాదు. బసవన్న ఏ కాయకమును నీచమనలేదు. ఆ సంస్థయే ఇపుడు సౌరకేంద్రములను సైతము నెలకొల్పుచున్నది. ఆ కొత్త పనిలో పాత కార్మికుని బిడ్డలకు చోటుండవలెనని అడుగుట మన బాధ్యతయే.

అయితే ఎంత ఇంధనము చాలును? ఈ ప్రశ్నను మంత్రులును అడుగరు, వ్యాపారులును అడుగరు. అడిగినది ఆయ్దక్కి లక్కమ్మ. ఆమె భర్త మారయ్య నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి దాసోహము చేయువాడు. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతసింపక, ఈ అధికము మనకేల, ఇది ఆశయగును, ఎక్కడ తెచ్చితివో అక్కడనే పోసి రమ్మని పంపెను. పొదుపు చేసి రేపటికి దాచుకొమ్మను లోకజ్ఞానమునకు ఇది విరుద్ధముగా తోచును. కాని నాటి అవసరమునకు మించినది ఎవరి పాలోనో తగ్గినదని ఆమె ఎరుగును.

లక్కమ్మ తూకమున చూచినచో ఈ ఇంధనవాదపు చిక్కు కొంత విడును. పొగలో వండు తల్లికి గ్యాసు సిలిండరు అధికము కాదు, అది ఆమెకు న్యాయముగా రావలసినది. శుద్ధ ఇంధనము పేరిట ఆమెను మరికొన్నేండ్లు ఆగుమనుట దయ కాదు. రాత్రియంతయు నిర్జనమైన గదిలో తిరుగు ఏసీ యంత్రము, వివాహమున తెల్లవార్లు వెలుగు వేయి దీపముల తోరణము, ఇద్దరు కూర్చుండుటకు నాలుగు కార్లు – ఇవి లక్కమ్మ వెనుకకు పంపు బియ్యము. ఇంటి కప్పుపై సౌరఫలకములు అమర్చిన ధనికుడు, విద్యుత్తు ఇక ఉచితమని వాడకము రెండింతలు చేసినచో ఆ ఫలకములవలన లోకమునకు కలిగిన లాభము స్వల్పమే.

మఠముల దాసోహశాలలు ఈ విషయమున ఊరికి దారి చూపగలవు. తిరుమలలో 2002లో సూర్యకాంతిని అద్దములచే కేంద్రీకరించి ఆవిరి పుట్టించి, దినమునకు సుమారు 15,000 మందికి వంట చేయగల ఏర్పాటును నెలకొల్పిరి. తుమకూరు సిద్ధగంగా మఠము వంటి వేలాది విద్యార్థులకు అన్నము పెట్టు స్థానములు మన సమాజమున కలవు. చిన్న మఠములకు అంతటి యంత్రము అక్కరలేదు. గోశాల యున్నచోట గోబరుగ్యాసు తొట్టి కట్టవచ్చును. 1980 దశకమున ఊరూర కట్టి, బాగుచేయువారు లేక పాడుపెట్టినవి అనేకము. లోపము తొట్టిది కాదు, నిర్వహణది. పుంగనూరు పొట్టి ఆవు ఒక్కటి ఇచ్చు పేడ స్వల్పము, కనుక మంద లెక్క చూచుకొనియే తొట్టి పరిమాణమును నిర్ణయింపవలెను. కప్పు అనుకూలమైనచో దీపములకు, నీటిమోటారుకు సౌరఫలకములు. మిగిలిన అక్కరకు గ్యాసు. చిట్టచివర కట్టెలు, అదియు పొగగొట్టముగల పొయ్యిలో.

దీనికి ముందు ఒక లెక్క కావలెను. గత మహాశివరాత్రి జాగరణకు, జాతరకు మఠమున ఎన్ని బండ్ల కట్టెలు కాలినవి, ఎన్ని సిలిండరులు పట్టినవి, విద్యుత్తు బిల్లెంత, మిగిలి పారవేసిన అన్నమెంత అని ఖాతాపుస్తకమున వ్రాసి చూడవలెను. అన్నము వృథాయైనచో దానిని వండిన కట్టెయు వృథాయే. ఆ లెక్క వ్రాయుటకు ధర్మకర్తలు కూర్చుండినపుడు, పొయ్యిముందు తెల్లవారుజామునుండి నిలుచు వంటవారిని కూడ పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలెను. ఏ పొయ్యి పొగ చూరుచున్నదో, ఏ గంగాళము అడుగంటుచున్నదో వారికి తెలిసినట్లు మరియొకరికి తెలియదు.