ముట్టడిలో కొన్న పొలం

ఆశ పోయినవాళ్లకు ధైర్యం చెప్పేవారు చాలామందే ఉంటారు. ఆశతో ఏం చేయాలో చూపించేవారు తక్కువ. యిర్మీయా ప్రవక్త చేసి చూపించాడు. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టింది. ఆయనేమో చెరసాల ప్రాంగణంలో ఖైదీ. సరిగ్గా అప్పుడే అనాతోతులో పినతండ్రి కొడుకు పొలాన్ని 17 తులాల వెండి తూచి ఇచ్చి కొన్నాడు. సాక్షులతో సంతకాలు పెట్టించి, దస్తావేజు చాలాకాలం పాడవకుండా మట్టికుండలో భద్రం చేయించాడు.

ఇది ఆత్మవంచన కాదా అని అడగవచ్చు. కాదు. నగరం శత్రువుల పాలవుతుందని నిర్మొహమాటంగా చెప్పినందుకే ఆయన ఖైదులో పడ్డాడు. చివరికి అలాగే జరిగింది. ప్రవక్త కాబట్టి ఆయనకు చెల్లింది, మనవల్ల అవుతుందా అనే సందేహమూ న్యాయమైనదే. అయితే పొలం కొన్న వెంటనే, ఈ పరిస్థితిలో ఈ కొనుగోలేమిటన్న తన అయోమయాన్ని ఆయన దేవుని ముందే వెళ్లబోసుకున్నాడు. అంటే, సందేహాలన్నీ తీరాకే అడుగు వేయాలన్న నియమం విశ్వాసంలో లేదు. యేసు సమాధికి సుగంధద్రవ్యాలు తీసుకెళ్లిన స్త్రీలు కూడా పునరుత్థానం ఆశించి వెళ్లలేదు. చేయాల్సిన పని చేయడానికి వెళ్లారు. శుభవార్త ముందుగా వాళ్లకే అందింది. కాబట్టి మానేసిన మందులు మళ్లీ వేసుకోండి, మాటలు ఆగిపోయిన అన్నయ్యకు ఫోన్ చేయండి. భారం ప్రార్థనలో దేవునికి అప్పగించి, రేపటికి పనికొచ్చే ఒక్క పని ఈ పూటే మొదలుపెట్టండి. ఆశ ఆ పని వెంటే వస్తుంది.