ఫ్రిజ్ వెనకాల భూరీ

బిడ్డా,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు ఏడ్చినంత పని చేశావు. తెచ్చి ఐదు రోజులైంది, కుక్క పగలంతా ఫ్రిజ్ వెనక నుంచి కదలడం లేదు, పిలిస్తే పలకదు, దానికి మేం నచ్చలేదేమో అమ్మమ్మా అన్నావు. ఫోన్లో నేను చెప్పేది నీకు సగమే వినబడుతుంది, మిగతా సగం మీ లిఫ్టు మింగేస్తుంది. అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువుకో.

ముందు ఆ ఫ్రిజ్ సంగతి. నువ్వు దాన్ని లాడ్ బజార్ నుంచి ఎత్తుకుపోయావు గానీ, అక్కడ అది ఎక్కడ పడుకునేదో చూడలేదు. నేను చూశాను. గాజుల కొట్ల వెనక సందులో లక్క కరిగించే కుంపటి ఉంటుంది. పొద్దంతా బొగ్గుల మీద లక్కను వేడి చేసి, సాగదీసి, గాజులా చుట్టి, మెత్తగా ఉండగానే రాళ్లూ అద్దాలూ ఒక్కొక్కటే పొదుగుతారు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ గుర్తింపు వచ్చిందని పేపర్లో ఫోటోలు వేశారు. ఆ పని చేసే వేళ్ల ఫోటో ఎవరూ వేయలేదు, కొసలు కాలి కాలి ఎండిన రేగుపండులా ఉంటాయి. సరే, ఆ మాట ఇంకోసారి. కుంపటి ఆర్పేశాక బూడిద తెల్లవారుజాము దాకా వెచ్చగా ఉంటుంది. నాకు తెలిసి నాలుగేళ్లు భూరీ ఆ బూడిదకు ఆనుకునే పడుకుంది. మీ ఐదో అంతస్తు ఫ్లాట్‌లో అంత వెచ్చగా ఉండే మూల ఎక్కడుంది చెప్పు? ఫ్రిజ్ వెనకే. దాన్ని బయటికి లాగకు. వైర్లు నోటికి అందకుండా పైకి కట్టి, అక్కడే ఒక గోనెసంచి, దాని మీద నీ పాత దుప్పటి వేయి. ఉతికిన దుప్పటి వద్దు, నువ్వు కప్పుకున్నదే వేయి. నీ వాసన దానికి నిద్రలో అలవాటు కావాలి.

పిలిస్తే పలకదన్నావు. ఏమని పిలుస్తున్నావు? కుకీ అని. గల్లీ అంతా దాన్ని భూరీ అని పిలిచింది. బిస్కెట్టు వేసినా భూరీయే, బండి కిందికి పోతుంటే అదిలించినా భూరీయే. అది గోధుమరంగు కుక్క, అక్కడి మాటలో భూరీ అంటే అదే అర్థం. ఉన్న పేరు తీసేసి కొత్తది పెట్టాలని అంత ముచ్చటగా ఉంటే, కొన్నాళ్లు రెండూ కలిపి పిలువు. నన్నడిగితే భూరీయే బాగుంది.

నువ్వు దాన్ని 'రెస్క్యూ' చేశానని ఫోటో పెట్టావట. తప్పు లేదు. మొన్న రంజాన్ రద్దీలో ఏదో బండి గుద్ది వెనక కాలు విరిగాక, ఆ జనంలో మూడు కాళ్ల మీద అది బతకడం కష్టమయ్యేది. కానీ అది దిక్కులేని కుక్కని మాత్రం అనుకోకు. దానికి ఒక గల్లీ ఉండేది. మూల మీది గాజుల కొట్టు పెద్దాయన దాన్ని కొట్లోకి రానివ్వడు, ముట్టుకోడు, నమాజుకు పోవాల్సినవాడు కదా. కానీ మెట్టు పక్కన మట్టి మూకుడులో నీళ్లు మాత్రం ఏ వేసవిలోనూ ఎండనివ్వలేదు. దాహంతో ఉన్న కుక్కకు నీళ్లు పోసి క్షమాపణ పొందిన మనిషి కథ వాళ్ల హదీసుల్లో ఉంది. ఆ పుణ్యం ఆయనకు తెలుసు. నువ్వు దాన్ని ఆటోలో ఎక్కించిన రోజు ఆయన కౌంటర్ దిగి వచ్చి నిలబడ్డాడు, చూశావో లేదో.

దాని చెవి కొసన గాటు చూసి ఎవడో కొట్టాడని బాధపడ్డావు. అది గాయం కాదమ్మా. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన కుక్కకు గుర్తుగా చెవి కొస కత్తిరించి, పట్టుకొచ్చిన చోటే మళ్లీ వదులుతారు. నీకు ఒక ఖర్చు తప్పింది, అంతే.

కొత్త చోట బెదురంటే నాకూ తెలుసు. లాడ్ బజార్ అంటేనే పెళ్లిగాజుల బజారు. చార్మినార్ నుంచి పడమటికి తిరిగితే ఆ వరసంతా పెళ్లికూతుళ్లే కనిపిస్తారు. నేనూ పదిహేడేళ్లప్పుడు నల్లగొండ పల్లె నుంచి శాలిబండకు కోడలిగా వచ్చి, ఆ వరసలోనే గాజులు వేయించుకున్నా. మూడు రోజులు అన్నం సహించలేదు. మా అత్తగారు తిన్నావా అని ఒక్కసారైనా అడగలేదు. గడప దగ్గర మజ్జిగ గ్లాసు పెట్టి పోయేది. నాలుగో రోజు తాగాను. ఎప్పుడు తాగానో ఆమె చూడలేదు, చూసినా చూడనట్టే ఉంది. భూరీతో నువ్వూ అట్లా ఉండు. గిన్నె పెట్టు, పక్కకు పో. గిన్నె ముందు కూర్చుని కళ్లలోకి చూస్తూ బతిమాలితే అది ఇంకా లోపలికే పోతుంది. దత్తత ఇచ్చేవాళ్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని లెక్క చెబుతారు. మూడు రోజులకు బెదురు తగ్గుతుంది, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలుస్తుంది, మూడు నెలలకు ఇది నా ఇల్లనుకుంటుంది. నాకైతే ఆరు నెలలు పట్టింది. మీ తాతను అడుగు.

రాత్రి ఒంటిగంటకు లేచి తిరుగుతోందన్నావు. తిరగదా మరి? ఆ బజారు తెరుచుకునేదే పొద్దెక్కాక. రాత్రి కొట్లు మూసి, జనం పలచబడ్డాకే దానికి నాలుగు మెతుకులు దొరికేవి. అదే దాని పొద్దు. నువ్వు పడుకునే ముందు, పదకొండింటికి ఒకసారి కిందికి తీసుకుపో. తర్వాత రోజుకు పది నిమిషాల చొప్పున ముందుకు జరుపు. తీసుకుపోయినప్పుడల్లా ఒకే మట్టి చోటికి పో. అది పుట్టి బుద్ధెరిగి టైల్స్ ఎరగదు, హాల్లో తడిపితే కొట్టకు, మూతి అందులో రాయకు. తుడిచేయి, అయిపోయింది.

ఇంకో చిత్రం చెబుతా. పెళ్లి బరాత్‌లో మర్ఫా డప్పు చెవి పక్కన మోగుతుంటే ఇది ఆవులించేది. మీ ఇంట్లో కుక్కర్ కూతకు ఉచ్చ పోసుకుందట. నవ్వకు. డప్పు దానికి తెలిసిన చప్పుడు. కూత పడే వేళకు దాని ముందు ఏదైనా తిండి వేస్తూ ఉండు, పది పన్నెండు కూతలకు తెలుస్తుంది. దీపావళి టపాసులకు మాత్రం అలవాటవుతుందని నమ్మకం పెట్టుకోకు. ఆ రోజు తలుపులన్నీ వేయి.

తలుపు అన్నాను కాబట్టి, ఇది మాత్రం వేలికి దారం కట్టుకుని గుర్తుపెట్టుకో. మొదటి నెలలో జనం కుక్కను పోగొట్టుకునేది తెరిచిన తలుపులోంచే. గల్లీ కుక్కకు మెడబెల్టులోంచి తల తీయడం పెద్ద పని కాదు. ఛాతీకి కట్టే పట్టీ కూడా వేసి, గొలుసు రెండింటికీ తగిలించు. బెల్టు మీద నీ ఫోన్ నంబరు రాయించు.

తిండికి వస్తే, ఆ గల్లీలో అది బిర్యానీ బొక్కలు తిని బతికిందని నువ్వూ అవే వేయకు. ఉడికిన బొక్క విరిగితే సూదిలా మారి పేగుకు గుచ్చుకుంటుంది. అన్నంలో ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడి, గుడ్డు, పెరుగు, ఇవి చాలు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ దాని ఒంటికి విషం. పశువుల డాక్టరు దగ్గర రేబిస్ టీకా, నులిపురుగుల మందు మాత్రమే అడిగి రాకు, రక్తం కూడా చూపించు. గోమార్లు పట్టిన కుక్కకు పైకి కనిపించని జ్వరం ఉండొచ్చు. నువ్వు దిగులనుకున్నది జ్వరం కావచ్చు. రేబిస్ టీకా ఏటేటా వేయించాలి. జీహెచ్‌ఎంసీలో లైసెన్సు కూడా తీసుకో.

మీ అపార్ట్‌మెంట్ వాళ్లు లిఫ్టులో ఎక్కించొద్దన్నారని కోపంగా ఉన్నావు. కాగితం నీ వైపే ఉంది. పెంపుడు కుక్కను నిషేధించే తీర్మానం, లిఫ్టు వాడొద్దనే తీర్మానం చెల్లదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. కానీ ఆ కాగితం జేబులోనే ఉంచుకో. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ని వీధికుక్కలు చంపేశాయి. ఆ వీడియో చూసిన తల్లి మీ లిఫ్టులో నిలబడి పిల్లను వెనక్కి లాక్కుంటే, ఆమెకు జంతుప్రేమ లేదని తీర్పు చెప్పకు. ఆమెను ముందు పోనిచ్చి తర్వాతి లిఫ్టులో ఎక్కు. ఒకవేళ ఎవరికైనా పన్ను గీసుకుంటే మాటలు పెట్టుకోక, సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగించి ఇంజెక్షన్‌కు నువ్వే వెంట పో, మన కుక్కకు టీకా ఉన్నా సరే.

1992లో అమల, నాగార్జున జంతువుల కోసం బ్లూ క్రాస్ పెట్టినప్పుడు వీధికుక్కను ఇంట్లోకి తెచ్చుకోవడమంటే మా వాడలో నవ్వులాట. అప్పట్లో కుక్కంటే తెల్లటి పామరేనియనే. 2025 ఆగస్టులో జీహెచ్‌ఎంసీయే జలగం వెంగళరావు పార్కులో దేశీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. అదే నెల 22న వీధికుక్కల మీద సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చింది. దత్తత తీసుకున్న కుక్క మళ్లీ వీధికి రాకుండా చూడటం తీసుకున్నవాళ్ల బాధ్యతేనని అందులో ఉంది. మీ ఆయనకు బెంగళూరు బదిలీ అయితే కుక్కనేం చేస్తారో ఇద్దరూ ఇప్పుడే మాట్లాడుకోండి. నా దగ్గర వదలొచ్చు, కానీ ముందే చెప్పాలి.

ఆదివారం వస్తున్నా. పెద్దాయన కొట్టు ముందు నుంచే కదా రావడం, ఆ మట్టి మూకుడు ఇమ్మని అడుగుతా. నేను వచ్చినప్పుడు దాన్ని పట్టుకొచ్చి చూపించకు. హాల్లో చాప వేయి, ఫ్రిజ్ కనబడేట్టు కూర్చుంటా. వస్తే వస్తుంది, లేకుంటే నా పాటికి నేను నీకు జడ వేసి పోతా.

మీ అమ్మమ్మ