మందు ఇచ్చే చేతికి బాధ్యత లేదా?



షుగరు, బి.పి. ఒకసారి వచ్చాయంటే చాలామందిని జీవితాంతం విడిచిపెట్టవు. డాక్టరుగారిని మనం రెండు మూడు నెలలకొకసారి చూస్తాం. మందుల షాపుకు మాత్రం నెల తిరిగేసరికి వెళ్ళక తప్పదు. అటువంటప్పుడు కౌంటరు వెనుక నిలబడిన ఆ మనిషి మనకు ఏమవుతాడు? సరుకు అమ్మే వ్యాపారి మాత్రమేనా? మన ఆరోగ్యానికి కాపలాదారు కూడానా?

మన ప్రాంతంలో జరిగేదే చూడండి. రేపల్లెలో ఉండే పెద్దాయన రైలెక్కి తెనాలి వెళ్ళి షుగరుకు మందు రాయించుకుంటాడు. బాపట్లలో కూతురి ఇంటికి వెళ్ళినప్పుడు అక్కడి డాక్టరు మరో చీటీ రాస్తారు. మోకాళ్ళ నొప్పులకు ఎవరో చెప్పిన బిళ్ళ కొని వేసుకుంటాడు. ఒక డాక్టరు రాసింది మరొకరికి తెలియదు. నొప్పి బిళ్ళ సంగతి ఇద్దరికీ తెలియదు. చీటీల మీద పేర్లు వేరైనా లోపల ఉన్నది ఒకే గ్లిమిపిరైడ్ కావచ్చు. రెండూ వేసుకుంటే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. డైక్లోఫినాక్ వంటి నొప్పి బిళ్ళలు బి.పి.ని పెంచగలవు, మూత్రపిండాలను దెబ్బతీయగలవు. ఇవన్నీ ఒకే షాపులో కొంటే, కలిపి చూడగలిగే అవకాశం ఫార్మసిస్టుకే ఉంది.

చూసినవాడు "రాసింది డాక్టరు, నాకెందుకు?" అని ఊరుకోవచ్చా? ఊరుకోకూడదు. ప్రమాదం తెలిసీ చెప్పకపోతే అందులో మనకూ పాలు ఉంటుంది. చట్టం కూడా ఈ మాటే చెబుతుంది. 1948 ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టరు చీటీ మీద మందు ఇవ్వవలసింది రిజిస్టరైన ఫార్మసిస్టే. మందు ఎలా వాడాలో, దేనితో కలిపి వాడకూడదో రోగికి వివరించడం అతని విధి అని 2015 నిబంధనలు చెబుతున్నాయి. సర్టిఫికెట్ గోడకు వేలాడితే చాలదు, మనిషి కౌంటరు దగ్గర ఉండాలి. బాపట్లలో ఫార్మసీ కళాశాలే ఉంది. పిల్లలు ఏళ్ళ తరబడి చదివే ఆ చదువు అట్టలు లెక్కపెట్టి ఇవ్వడానికేనా?

అయితే ఫార్మసిస్టు డాక్టరు కాడు. మందు మార్చే అధికారం అతనికి లేదు. అనుమానం వచ్చినచోట ఆగి, డాక్టరుకు ఫోను చేయాలి, లేదా చీటీ వెనుక ఒక మాట రాసి పంపాలి. ఆ రోజు బేరం పోవచ్చు. బేరం పోతుందని తెలిసీ నిజం చెప్పడంలోనే అతని పరీక్ష ఉంది.

పరీక్ష అతనికొక్కడికే కాదు. చీటీ లేనిదే ఇవ్వనన్న షాపువాణ్ణి విసుక్కొని పక్క షాపుకు వెళ్ళేది మనమే. అడగకుండా ఇచ్చేవాడు బాగుపడి, ఆగి అడిగేవాడు నష్టపోతే ఆ తప్పులో మన వాటా లేదా?

కాబట్టి వీలైనంతవరకు ఒకే షాపులో కొనండి. చీటీలు, వాడుతున్న మందులు అన్నీ ఒక సంచిలో పెట్టుకొని షాపులోనూ, డాక్టరు దగ్గరా చూపించండి. నాటుమందులు వాడుతుంటే దాచకండి. షుగరు తగ్గిందని మీ అంతట మీరే మందు మానకండి. మీ విచారణలో చదువురాని, ఒంటరిగా ఉంటున్న వృద్ధులు ఉంటారు. నెలకొకసారి వారి సంచి పట్టుకొని షాపుకు తోడు వెళ్ళడం ఒక యువకుడికి అరగంట పని. ఆ అరగంట ఒక ప్రాణాన్ని నిలబెట్టవచ్చు.